నాన్న డబ్బాలో మాత్రలు మిగిలిపోతున్నాయి: నెలనెలా మందుల ఖర్చుకు ఏదైనా దారి చెప్పండి

మల్కాజిగిరి అమ్మాయి | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా నాన్నకు 71 ఏళ్లు. బీపీ, షుగర్ పదిహేనేళ్ల నుంచి ఉన్నాయి. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. శుక్రవారం పుట్టింటికి వెళ్లాను. నాన్న తన మందులన్నీ పాత ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుంటారు. తుడిచి సర్దుదామని డబ్బా బోర్లించాను. నెలాఖరు కదా, ఖాళీ షీట్లు పడాలి. కానీ ఒక్కో షీటులో నాలుగైదు మాత్రలు అలాగే ఉన్నాయి. షుగర్ మాత్రలు కొన్నింటిని బ్లేడుతో సగానికి కోసి, మిగతా ముక్కల్ని క్యాలెండర్ కాగితంలో పొట్లం కట్టి పెట్టుకున్నారు. అడిగితే ముందు మాట దాటేశారు. గట్టిగా అడిగితే, "ఒంట్లో బానే ఉంటోందిగా తల్లీ, రోజు విడిచి రోజు వేసుకుంటే నెల సరుకు రెండు నెలలు వస్తుంది" అన్నారు. అమ్మకు కూడా తెలియదు.

నాన్న ఒక్కరి మందులకే నెలకు 6,200 అవుతోంది. అమ్మకు థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు, అది ఇంకో 900. నాన్న ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసి రిటైర్ అయ్యారు, పీఎఫ్ పింఛను 2,400 వస్తుంది. తమ్ముడు చర్లపల్లిలో ఒక కంపెనీలో పని చేస్తాడు, జీతం 19,800. వాళ్లు ఉండేది అద్దె ఇల్లు. నేను నెలకు 1,500 పంపుతాను, అంతకు మించి నా చేతిలో లేదు.

ఏ కార్డు, ఏ పథకం, ఏ షాపు అయినా సరే, మీకు తెలిసింది చెప్పండి.

---

బోడుప్పల్ శ్రీను | ఆదివారం, రాత్రి 11:05

చదువుతుంటే గుండె పట్టేసినట్టయింది చెల్లీ. మా ఇంట్లోనూ ఇదే జరిగింది, అమ్మ విషయంలో.

ముందు జన్ ఔషధి కేంద్రానికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది, ఇప్పుడు మన సిటీలో చాలా చోట్ల ఉన్నాయి. బ్రాండు మందుతో పోలిస్తే సగం ధర, కొన్నింటికి ఐదో వంతు కూడా ఉండదు. ఫోన్లో 'జన్ ఔషధి సుగమ్' అనే యాప్ వేసుకుంటే దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో చూపిస్తుంది, మందు పేరు కొడితే ధర వస్తుంది.

అయితే అక్కడ బ్రాండు పేరు చెప్తే దొరకదు. షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, సాల్ట్ పేరు అంటాం కదా, అది చెప్పాలి. ఒక తెల్ల కాగితం మీద ఆ పేరు, పక్కన ఎన్ని ఎంజీ, రోజుకు ఎన్నిసార్లు రాసుకుని వెళ్లండి. డాక్టరు చీటీ కూడా దగ్గర ఉంచుకోండి.

---

పీహెచ్‌సీ డాక్టరమ్మ | సోమవారం, ఉదయం 6:50

డ్యూటీకి బయల్దేరే ముందు చూశాను, అందుకే వెంటనే రాస్తున్నాను. ఖర్చు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇవాళే నాన్నగారితో ఈ మాట చెప్పండి.

స్టెంట్ ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు, అంటే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి, సొంతంగా మానడం, రోజు విడిచి రోజు వేసుకోవడం ప్రమాదం. స్టెంట్ మూసుకుపోయే అవకాశం ఉంది. డబ్బులు చాలక ఏదైనా ఒకటి ఆలస్యం చేయాల్సి వస్తే అది విటమిన్ మాత్రో, గ్యాస్ మాత్రో కావాలి గానీ గుండె మందు కాకూడదు. అది కూడా డాక్టరుని అడిగాకే.

ఇక బ్లేడుతో కోసిన ముక్కలు. ఆ షీటు మీద 'ఎస్ఆర్' అనో 'ఈఆర్' అనో ఉందేమో చూడండి. అలాంటి మాత్ర రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేస్తారు. నలిపితే, నమిలితే మందంతా ఒక్కసారిగా దిగుతుంది. కొన్నింటికి మధ్యలో గీత ఉంటుంది, అవి విరవవచ్చు. గీత లేనివి డాక్టరో ఫార్మసిస్టో సరే అంటే తప్ప కోయకండి. పొట్లంలో దాచిన ముక్కలు పారేయించండి, తేమ తగిలి పాడై ఉంటాయి.

ఒంట్లో బాగుందని అన్నారన్నారు. బీపీ 170 ఉన్నా ఒంట్లో బాగానే ఉంటుందమ్మా. ఇవాళ ఒకసారి కొలిపించండి. మీ దగ్గర్లోని బస్తీ దవాఖానలో, అంటే కాలనీల్లో ఉండే ప్రభుత్వ చిన్న ఆస్పత్రిలో, ఉచితంగా చూస్తారు.

---

వనస్థలిపురం మాస్టారు | సోమవారం, ఉదయం 9:14

అమ్మాయీ, తెల్ల రేషన్ కార్డు ఉందా? ఉంటే ఆరోగ్యశ్రీ ఉంటుంది. పైగా నాన్నగారికి 70 దాటాయి కాబట్టి కేంద్రం వారి ఆయుష్మాన్ కార్డు కూడా వస్తుంది. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం మొదలుపెట్టారు. ఈ రెండు కార్డులతో మందుల బాధ తీరిపోవాలి.

---

తార్నాక తల్లి | సోమవారం, ఉదయం 10:02

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేనూ అలాగే అనుకుని ఆరు నెలలు పోగొట్టుకున్నాను. ఆరోగ్యశ్రీ గానీ ఆయుష్మాన్ గానీ ఆస్పత్రిలో చేరితే పనికొస్తాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, అది నిజమే. కానీ ఇంట్లో కూర్చుని నెలనెలా వేసుకునే బీపీ, షుగర్ మందులకు ఆ కార్డు చూపిస్తే ఏ షాపులోనూ ఇవ్వరు. డిశ్చార్జి అయ్యాక కొద్ది రోజుల మందులు ఇస్తారు, అంతే. ఆరోగ్యశ్రీలో కొన్ని రకాల ఆపరేషన్లు, చికిత్సలకు మాత్రం తర్వాత ఏడాది వరకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉంటుంది, అందులో మందులు, పరీక్షలు వస్తాయి. ఆపరేషన్ చేసిన ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఉద్యోగి, ఆరోగ్యమిత్ర అంటారు, ఆ మనిషిని అడిగితే మన కేసు అందులో ఉందో లేదో చెప్తారు. వీళ్ల నాన్నగారికి స్టెంట్ వేసి నాలుగేళ్లయింది కాబట్టి ఆ దారి లేనట్టే.

అయినా కార్డులు చేయించి పెట్టుకోండి, ఆపదకు అక్కరకొస్తాయి.

నెలవారీ మందులకు బస్తీ దవాఖానే మేలు. ఇవి 2018లో మొదలయ్యాయి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేరు రాసుకుని నెలకు సరిపడా మందులు ఇస్తారు. రక్త పరీక్షలకు నమూనా అక్కడే తీసుకుంటారు, డబ్బు కట్టక్కర్లేదు. మా వారి మెట్‌ఫార్మిన్, యామ్లోడిపిన్ రెండేళ్లుగా అక్కడివే. కొత్త రకం ఖరీదైన మందులు మాత్రం అక్కడ ఆశించకండి.

---

వనస్థలిపురం మాస్టారు | సోమవారం, ఉదయం 10:20

మంచి మాట చెప్పావమ్మా. నా పొరపాటు సరిదిద్దావు. నేనూ మా బావమరిదికి ఇదే తప్పు సలహా ఇచ్చి ఉన్నాను, ఇప్పుడే ఫోన్ చేస్తాను.

---

జీడిమెట్ల ల్యాబ్ | సోమవారం, సాయంత్రం 7:33

నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పని చేస్తాను, పద్దెనిమిదేళ్లు. మీ నాన్నగారి మందుల సాల్ట్ పేర్లు రాయగలరా? బ్రాండు పేరు, డాక్టరు పేరు వద్దు.

ఈలోపు ధర ఎందుకు అంత ఉంటుందో చెప్తాను, ఇది తెలిస్తే డాక్టరుని ఏం అడగాలో తెలుస్తుంది. అత్యావశ్యక మందుల జాతీయ జాబితా అని ఒకటుంది, 2022లో సవరించిన దాంట్లో 384 మందులు ఉన్నాయి. ఆ జాబితాలో ఉన్న మందు, అదే ఎంజీలో ఉంటే, దానికి గరిష్ఠ ధర ఎన్‌పీపీఏ అనే ప్రభుత్వ సంస్థ కట్టేస్తుంది. ఎంత పెద్ద కంపెనీ అయినా అంతకు మించి అమ్మకూడదు. జాబితాలో లేని మందుకు ఆ కట్టడి లేదు, ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలు చాలావరకు జాబితా బయటే ఉంటాయి. అందుకే ఒక్కోసారి కలిపి ఉన్న మాత్ర కన్నా విడివిడిగా రెండు మాత్రలు చవక. 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో ఏ మందు ధర ఎంతో చూడొచ్చు.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొన్ని ప్రాణాధార మందులకు పూర్తిగా తీసేశారు. బిల్లులో పన్ను ఎంత వేశారో ఒకసారి చూసుకోండి.

---

మల్కాజిగిరి అమ్మాయి | సోమవారం, రాత్రి 9:48

డాక్టరుగారూ, మీ మాట చదివి ఇవాళ పొద్దున్నే పరుగెత్తాను. బస్తీ దవాఖానలో బీపీ 164/96 ఉంది. నాన్న ఆ అంకె చూసి ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి తనే పొట్లం తీసి చెత్తబుట్టలో వేశారు.

జీడిమెట్ల అన్నా, ఇవీ మందులు: టెల్మిసార్టాన్ 40 యామ్లోడిపిన్ 5 కలిపింది, మెట్‌ఫార్మిన్ 1000 ఎస్ఆర్ గ్లిమిపిరైడ్ 2 కలిపింది, ఎంపాగ్లిఫ్లోజిన్ 25, అటోర్వాస్టాటిన్ 20, క్లోపిడోగ్రెల్ 75 యాస్పిరిన్ 75, పాంటోప్రజోల్ 40, ఇంకా ఒక నరాల విటమిన్. ఎంపాగ్లిఫ్లోజిన్ ఒక్కటే నెలకు 1,800 పైన అవుతోంది.

---

జీడిమెట్ల ల్యాబ్ | సోమవారం, రాత్రి 10:15

దొరికింది చూశారా. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో అయిపోయింది. అంతకుముందు ఒక్క మాత్ర 60 రూపాయల దాకా ఉండేది. ఆ నెలలోనే మన దేశంలోని కంపెనీలు వరసగా తెచ్చాయి, పది పన్నెండు రూపాయలకు దిగింది. మీ నాన్నగారి చీటీ ఎప్పటిది? పాత చీటీనే చూపించి అదే బ్రాండు కొంటున్నట్టున్నారు. షాపువాడు తనంతట తాను వేరే బ్రాండు ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. అందుకే డాక్టరు దగ్గర చీటీ మార్పించుకోవాలి. "సార్, సాల్ట్ పేరుతో రాయండి, ఖర్చు భరించలేకపోతున్నాం" అని నోరు తెరిచి చెప్పండి. డాక్టర్లు జెనరిక్ పేరే, అంటే బ్రాండు కాకుండా సాల్ట్ పేరే, రాయాలని 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో ఆపేశారు. కాబట్టి మనం అడిగితేనే రాస్తారు.

మన ఊరు బల్క్ డ్రగ్స్‌కు, అంటే మాత్రల్లో వేసే అసలు మందు తయారీకి, పేరు మోసింది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ పెట్టిన రోజుల నుంచీ ఇక్కడి మనుషులు మందులు చేసి లోకమంతా పంపుతున్నారు. 2012లో లివర్, కిడ్నీ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్‌ను చవకగా తయారుచేసేందుకు కేంద్రం తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్ వేరేవాళ్లదైనా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చింది మన హైదరాబాద్ నాట్కో కంపెనీకే. నెలకు 2,80,000 ఉన్న మందు 8,800కు వచ్చింది. ఇదే ఊళ్లో ఒక పెద్దాయన మాత్రను బ్లేడుతో కోసుకుంటున్నాడంటే, ఈ పని చేసేవాడిగా నాకు నిద్ర పట్టదు.

---

కొత్తపేట రమ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఎవరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా అత్తగారికి జెనరిక్ షుగర్ మందు మొదలుపెట్టాక షుగర్ 140 నుంచి 230కి పోయింది. మళ్లీ కంపెనీ మందుకే వచ్చాం. చవక మందు పని చేస్తుందని నాకు నమ్మకం పోయింది.

---

పీహెచ్‌సీ డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 8:40

రమగారూ, మీ భయం ఉత్తదని నేను అనను. రెండు షీట్లూ ఇంకా ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. నా దగ్గరికి ఇలా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఒకటే పొరపాటు దొరికింది. ముందు వాడింది 1000 ఎస్ఆర్, కౌంటర్లో ఇచ్చింది మామూలు 500. లేదా రెండు మందులు కలిసిన మాత్ర బదులు ఒకటే మందు ఉన్నది ఇచ్చారు. పేరు దగ్గరగా ఉంటుంది, మనం గమనించం.

జన్ ఔషధికి వచ్చే ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షిస్తారు. అయినా అక్కడా కొన్ని బ్యాచ్‌లు ప్రమాణాలు తప్పిన సందర్భాలున్నాయి, పెద్ద బ్రాండ్లలోనూ ఉన్నాయి. అందుకే నేను చెప్పేది ఒకటే. మార్చిన రెండు వారాలకు షుగర్, బీపీ చూపించుకోండి. అంకె బాగుంటే అదే కొనసాగించండి.

థైరాక్సిన్, ఫిట్స్ మందులు, వార్ఫారిన్, కిడ్నీ మార్చినవాళ్లు వాడే టాక్రోలిమస్, ఇవి మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చకండి. చిన్న తేడా కూడా ఒంటి మీద కనిపిస్తుంది. మల్కాజిగిరి అమ్మాయీ, మీ అమ్మగారి థైరాయిడ్ మాత్ర జోలికి పోవద్దు. అది చవకే కూడా.

---

కొత్తపేట రమ | మంగళవారం, రాత్రి 9:31

చూశాను మేడమ్. పాతది 1000 ఎస్ఆర్. మార్చింది 500, ఎస్ఆర్ కాదు. నాలుగు నెలలు ఆ మందును తిట్టుకున్నాను. మళ్లీ సరైనది తెప్పించి చూస్తాను.

---

అజామాబాద్ అన్న | బుధవారం, ఉదయం 7:12

చెల్లె, నువ్వు రాసిన దాంట్ల ఒక మాట ఎవ్వలు పట్టుకోలే. తమ్ముడు చర్లపల్లి కంపెనీల చేస్తడు, జీతం 19,800 అన్నవ్ గద. 21,000 లోపల జీతం ఉంటె ఈఎస్ఐ, అంటె పని చేసెటోల్లకు సర్కారు వైద్య బీమా, కట్ అయితది. తమ్ముని పే స్లిప్ తీస్కొని సూడు, ఈఎస్ఐ అని ఉంటది. 19,800కి 0.75 శాతం లెక్కన 149 రూపాయలు. కంపెనీ ఇంకో 3.25 శాతం ఏస్తది.

గా కార్డు మీద తమ్మునికే గాదు, ఆయన మీద ఆధారపడ్డ అమ్మనాయనకు గూడ వైద్యం ఉంటది. అమ్మనాయన ఆమ్దాని నెలకు 9,000 దాటొద్దు, గంతే. మీ నాయనకు పింఛను 2,400 అంటివి. ఏరే ఆమ్దాని లేకుంటె అయితది. గోలీలు పైస లేకుంట ఇస్తరు, నెలనెలా. నాచారంల ఈఎస్ఐ దవాఖాన ఉన్నది, సనత్‌నగర్‌ల పెద్దది ఉన్నది.

మా నాయన ముచ్చట గూడ చెప్త. ఫ్యాక్టరీల చేసి 2014ల రిటైర్ అయిండు. ఈఎస్ఐల ఐదేండ్ల కన్న ఎక్కువ ఉండి, వయసు నిండి రిటైర్ అయితె ఏడాదికి 120 రూపాయలు కట్టి తనకు, భార్యకు వైద్యం తీస్కోవచ్చు. నెలకు పది రూపాయలు! రిటైర్ అయిననాడు గీ ముచ్చట మాకెవ్వలు చెప్పలే. ఏండ్ల కొద్ది బయట కొన్నం. పోయినేడు పాత దోస్తు చెప్తె తెల్సింది. మీ ఇండ్లల్ల ఫ్యాక్టరీల చేసి రిటైర్ అయినోల్లు ఉంటె జల్ది అడుగుండ్రి.

---

మల్కాజిగిరి అమ్మాయి | బుధవారం, ఉదయం 7:40

అన్నా, చేతులు వణుకుతున్నాయి. తమ్ముడికి ఫోన్ చేశాను. స్లిప్పులో ఉంది. 149. మూడేళ్ల నుంచి కట్ అవుతోందట. "అది దేనికో నాకు తెలియదక్కా, ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

---

తార్నాక తల్లి | బుధవారం, ఉదయం 11:25

ఎంత మంచి మాట పట్టుకున్నావు బాబూ!

ఈ పేజీ ఇంకెవరైనా చదువుతారేమోనని మా అక్క సంగతి రాస్తున్నాను. రొమ్ము క్యాన్సర్. మొదట్లో ఒక కార్పొరేట్ ఆస్పత్రిలో "మందులు మా ఫార్మసీలోనే కొనాలి, బయటివి ఎక్కించం" అన్నారు. మేం భయపడి మారు మాట్లాడలేదు. అప్పు చేసి కొన్నాం. అలా కట్టడి చేసే హక్కు వాళ్లకు లేదని తర్వాత తెలిసింది. 2025 మార్చిలో సుప్రీంకోర్టులో ఈ విషయమే వచ్చినప్పుడు, ఆస్పత్రి షాపులోనే కొనాలన్న నిర్బంధం రోగులకు లేదని కేంద్రమే చెప్పింది. ఆ తర్వాత రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి మారాం. ఆరోగ్యశ్రీ కింద కీమో అంతా అయింది. క్యూలు ఉంటాయి, ఓపిక కావాలి, కానీ అక్క బతికి ఉంది.

క్యాన్సర్ మందుల్లో 42 రకాల మీద లాభం 30 శాతం మించకూడదని 2019 ఫిబ్రవరిలోనే ఎన్‌పీపీఏ కట్టడి పెట్టింది. ఖరీదైన మందు రాసినప్పుడు "ఈ కంపెనీకి రోగులకు సాయం చేసే ప్రోగ్రాం ఉందా" అని డాక్టరునే అడగండి. కొన్ని కంపెనీలు కొన్ని డోసులు కొంటే మిగతావి ఉచితంగా ఇస్తాయి. డాక్టరు సంతకం లేకుండా ఆ దరఖాస్తు కదలదు.

పెద్ద ఆస్పత్రి బిల్లు ముందే కట్టేసినవాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోండి. ఎమ్మెల్యే గారి ఉత్తరం, అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం కావాలి. బిల్లులు ఇచ్చేముందు జిరాక్స్ తీసి ఉంచుకోండి.

---

నిర్వాహకులు | బుధవారం, సాయంత్రం 5:00

సభ్యులకు మనవి. మందుల చీటీల ఫొటోలు, ఆధార్, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. రెండు పోస్టులు తొలగించాం. డబ్బు పంపమని విడిగా మెసేజ్ వస్తే మాకు చెప్పండి.

---

యాప్రాల్ అమ్మమ్మ | గురువారం, ఉదయం 5:55

నాకు ఇన్సులిన్. నేను కూడా ఖర్చు తగ్గుతుందని పెన్ను మానేసి సీసాకు మారాను, డాక్టరుని అడిగే. ఒక జాగ్రత్త చెప్పాలి. సీసా ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం, దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల దానికి నారింజ మూత సిరంజి వేరే ఉంటుంది. సీసా మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె ఒకటే కావాలి. ఒకసారి షాపులో వేరేది ఇచ్చారు, నా మనవరాలు చూసి ఆపింది. లేకపోతే ఏమయ్యేదో.

---

మల్కాజిగిరి అమ్మాయి | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:10

ఆలస్యమైంది, క్షమించండి. అందరికీ జవాబు చెప్పాలని అన్నీ అయ్యాకే రాస్తున్నాను.

మొదట గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. సాల్ట్ పేర్లతో రాయమని అడగడానికి నాన్న సిగ్గుపడ్డారు, నేనే అడిగాను. ఆయన ఒక్క మాట అనకుండా రాసిచ్చారు. నరాల విటమిన్ తీసేశారు, గ్యాస్ మాత్ర కొనసాగించమన్నారు. "ముందే ఎందుకు చెప్పలేదు పెద్దాయనా" అని మాత్రం అన్నారు. ఆ నెలకు ఎంపాగ్లిఫ్లోజిన్ ఇంకో కంపెనీది, మిగతావి జన్ ఔషధిలో తీసుకున్నాం. మొత్తం 1,340 అయింది. నాన్న బిల్లు రెండుసార్లు కూడి చూసుకున్నారు, అకౌంట్స్ మనిషి కదా.

ఈఎస్ఐ దగ్గర నాన్నే అడ్డం పడ్డారు. "వాడి జీతంలో కోసిన డబ్బుతో నేను మందులు మింగాలా" అన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు, మూడేళ్ల పే స్లిప్పులు ప్రింటు తీసి తెచ్చి మంచం మీద పెట్టాడు. "నాన్నా, ఇది ఇప్పటికే కట్టేశాను. నువ్వు వాడకపోతే తిరిగి రాదు" అన్నాడు. నాన్న ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటే చూశారు. పొద్దున లేచి చొక్కా వేసుకుని తనే సిద్ధంగా కూర్చున్నారు.

ఈ నెల నుంచి డిస్పెన్సరీలో బీపీ, షుగర్, గుండె మందులు ఇస్తున్నారు. బయట కొనేది ఎంపాగ్లిఫ్లోజిన్ ఒక్కటే. నిన్న బీపీ 138/84.

---

అజామాబాద్ అన్న | శనివారం, రాత్రి 9:32

సల్లగుండు చెల్లె. కాయితాలు ఏమేం అడిగిన్రో రాయి, నాకు నలుగురు అడిగిన్రు.

---

మల్కాజిగిరి అమ్మాయి | శనివారం, రాత్రి 9:50

తమ్ముడు ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కు చెప్పి ఈఎస్ఐ రికార్డులో అమ్మానాన్నల పేర్లు చేర్పించాడు అన్నా. ఇద్దరి ఆధార్, ఫొటోలు అడిగారు. ఆధార్‌లో, అక్కడ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. అమ్మ ఇంటిపేరు తేడా ఉండి ఒక వారం పట్టింది. తర్వాత ఈఎస్ఐ వాళ్ల గుర్తింపు కార్డు, ఈ-పహచాన్ అంటారు, అది ప్రింటు తీసుకుని మాకు కేటాయించిన డిస్పెన్సరీకి వెళ్లాం. డాక్టరు పాత చీటీ, స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి కాగితం, ఈ మధ్య చేయించిన రక్త పరీక్షలు దగ్గర ఉంచుకోమనండి. పొద్దున తొందరగా వెళ్తే మంచిది, మేం వెళ్లేసరికే ముప్పై మంది ఉన్నారు.